కబురు మోసినవాళ్లు, కబురు పంపేవాళ్లు: దళితుల ఇంటర్నెట్‌లో తరాల చరిత్ర

ముసలివాళ్లు వాట్సాప్‌లో శుభోదయాలు పంపుకుంటారు, నడివయసువాళ్లు ఫేస్‌బుక్‌లో తగాదాలు పడతారు, కుర్రకారు ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేస్తారు. ఏ వయసువాళ్లు ఇంటర్నెట్‌ను ఎట్లా వాడుతున్నారనే దాని మీద మన పత్రికల్లో వచ్చే రాతలన్నీ దాదాపు ఈ మూడు మాటల చుట్టూనే తిరుగుతున్నాయి. వయసును బట్టి అలవాట్లు మారతాయనీ, అదంతా కంటిచూపుకూ ఓపికకూ సంబంధించిన వ్యవహారమనీ తేల్చేసి ఊరుకుంటారు. ఆ లెక్కలో కులం వుండదు. ఊరుకీ వాడకీ తేడా వుండదు. మనుషులందరికీ ఒకే రోజు ఇంటర్నెట్ చేతికొచ్చినట్టూ, ఆ రోజున ఎవరి వయసు ఎంతో దాన్నిబట్టి వాళ్లు వేర్వేరు పనులు చేసినట్టూ ఆ రాతలు సాగుతాయి.

ఇద్దరు మనుషుల్ని తీసుకోండి. ఇద్దరికీ ఇవాళ అరవై దాటాయి. ఒకాయన అగ్రకుల కుటుంబంలో పుట్టి ఐఐటీలో చదివి అక్కడే పాఠాలు చెప్పాడు. మన దేశంలో ఎర్నెట్ అనే కంప్యూటర్ల వల 1986లో మొదలైంది. అందులో మొదట చేరినవి ఐదు ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్‌సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ లాంటి సంస్థలే. కాబట్టి ఆయన 1980ల చివర్లోనే ఈమెయిల్ చూశాడు. రెండో ఆయన మాదిగగూడెంలో పుట్టిన వ్యవసాయ కూలీ. ఆయన చేతికి ఇంటర్నెట్ వున్న ఫోన్ 2017లోనో 2018లోనో, పట్నంలో పనిచేసే కొడుకు పాత ఫోన్ రూపంలో వచ్చింది. వయసు ఒకటే. మధ్యలో ముప్పై ఏళ్ల తేడా. ఈ ముప్పై ఏళ్లను ఏ వయసు లెక్క పట్టుకుంటుంది? ఐఐటీల్లో ఎస్సీ ఎస్టీ విద్యార్థులకు రిజర్వేషన్ 1973లో గాని మొదలుకాలేదు. ఆ తర్వాత కూడా అధ్యాపకుల గదుల్లో మనవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టే పరిస్థితే చాలాకాలం నడిచింది. అంటే మొదటి కంప్యూటర్ వల మన దేశంలో అల్లుకున్నప్పుడు అది అల్లుకున్న గదుల్లో మనం లేము.

దళితుల విషయంలో వయసు అంటే పుట్టినతేదీతో పాటు మరో తేదీ కూడా: ఏ ఏడు ఏ తలుపు తెరుచుకుంది అనేది. ఆ తలుపు తెరుచుకున్న ఏడాదే ఆ తరం ఇంటర్నెట్‌లో ఏం చేస్తుందో, ఏ భాషలో చేస్తుందో తేల్చింది. దీన్ని చరిత్రగా చూడాలంటే ఇంటర్నెట్‌కు చాలా ముందు నుంచి మొదలుపెట్టాలి. కబురు ఎవరు మోశారనే దగ్గర నుంచి.

ఊళ్లో కబురు మోసింది మనమే. పెద్దకులాల ఇంట్లో చావు జరిగితే పొరుగూళ్లకు చావు కబురు కాళ్ల మీద మోసుకెళ్లింది మాల మాదిగలే. ఊరంతా వినేట్టు డప్పు కొట్టి చాటింపు వేసింది మనమే. ఎండైనా వానైనా వెళ్లాల్సిందే, ఇచ్చింది తీసుకోవాల్సిందే. అది వెట్టి. సమాచార వ్యవస్థ అని ఇవాళ గొప్పగా చెప్పుకుంటున్న దాన్ని ఈ దేశంలో వందల ఏళ్లు భుజాన మోసినవాళ్లు అంటరానివాళ్లు. కాకపోతే మోసిన కబురు వాళ్లది కాదు. మాలపల్లెలో మనిషిని కొట్టి చంపితే ఆ కబురును చాటించే డప్పు లేదు. అంబేద్కర్ 1920లో పెట్టిన పత్రికకు ‘మూక్‌నాయక్’ అని పేరు పెట్టింది అందుకే గదా. నోరులేనివాళ్లకు నాయకుడు అని ఆ పేరుకు అర్థం. నోరు లేక కాదు, ఆ నోటికి పత్రిక లేక. మన దగ్గర భాగ్యరెడ్డివర్మ 1931లో హైదరాబాదులో ‘భాగ్యనగర్’ పత్రిక తెచ్చింది కూడా ఆ లోటు తెలిసే.

ఇవాళ అరవై, డెబ్భై ఏళ్ల వయసులో వున్న దళిత కార్యకర్తల తరం కారంచేడు తరం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగినప్పుడు వాళ్లు ఇరవైల్లో వున్నారు. ఆ కబురు ఎట్లా బయటికి వచ్చింది? ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరారు. వాళ్ల ఒంటి మీది గాయాలే మొదటి వార్త. చీరాలలో వేసిన శిబిరమే కేంద్రం అయ్యింది. అక్కడికి వచ్చినవాళ్లు చూసి వెళ్లి తమ ఊళ్లలో చెప్పారు. ఆ కదలిక నుంచే దళిత మహాసభ పుట్టింది. కరపత్రం, గోడరాత, సైకిల్ మీద తిరగటం, మీటింగు, పాట. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగేనాటికి దీనికి ‘నలుపు’ లాంటి పత్రికలు తోడయ్యాయి. పాటల క్యాసెట్లు తోడయ్యాయి. టేప్‌రికార్డరు వున్న ఒక్క ఇంటి ముందు పల్లె పల్లెంతా కూర్చుని విన్న కాలం అది. రాత రానివాళ్లకు కూడా అంబేద్కర్ పేరు చేరింది క్యాసెట్ మీదుగానే. మాస్టార్జీ లాంటివాళ్ల పాటలకు ఆ గొంతుల్లో వున్న బలం ఎంతో ఆ తరాన్ని అడగండి.

ఈ తరం ఇవాళ వాట్సాప్‌లో ఏం చేస్తున్నదో గమనిస్తే ఈ చరిత్ర అంతా కనబడుతుంది. వాళ్లు టైపు చెయ్యరు, మాట్లాడతారు. మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు, ఒక్కోసారి పది నిమిషాల వాయిస్ మెసేజ్. జైభీం అని మొదలవుతుంది, సభకు నమస్కారం పెట్టినట్టు గ్రూపులో వున్న పెద్దల పేర్లన్నీ చెబుతారు, అప్పుడు విషయంలోకి వస్తారు. కుర్రవాళ్లు విసుక్కుంటారు, ఇంత పొడుగు ఎవరు వింటారని. అది మీటింగు ఉపన్యాసం. మైకు దొరకని చోట ఫోన్ మైకు అయ్యింది, అంతే. పైగా తెలుగు టైపు చెయ్యటం ఆ తరానికి ఎవరూ నేర్పలేదు. గూగుల్ తన కీబోర్డులో తెలుగు మాటను విని రాసే సౌకర్యం పెట్టింది 2017 ఆగస్టులో. దాంతో వాళ్లలో కొంతమంది మొదటిసారి పేరాలకు పేరాలు ‘రాయటం’ మొదలుపెట్టారు. కామాలూ చుక్కలూ వుండవు, ఊపిరి తీసుకున్న చోటే వాక్యం విరుగుతుంది. దాన్ని చూసి నవ్వుకునే చదువుకున్నవాళ్లు మనలోనూ వున్నారు. నాకు మాత్రం అందులో పాత సభల గొంతు వినబడుతుంది.

చావు కబురు కూడా వాళ్లే పంపుతారు. ఉద్యమంలో పనిచేసిన మనిషి ఎక్కడ చనిపోయినా గంటలోపల ఫోటోతో సహా జిల్లాలన్నిటికీ చేరుతుంది. ఒకప్పుడు ఇతరుల చావు కబురు కాళ్ల మీద మోసిన ఇంటివాళ్లు ఇప్పుడు తమ మనిషి చావును తామే చాటుతున్నారు. శుభోదయాల మధ్య కొట్టుకుపోయే ఈ సంగతిని వయసుల లెక్కలు వేసేవాళ్లు పట్టించుకోరు.

రెండో తరం కథ వేరు. ఇవాళ నలభై ఐదు నుంచి అరవై లోపు వున్నవాళ్లు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదివి యూనివర్సిటీల దాకా వచ్చినవాళ్లు, మండల్ గొడవల నాటి విద్యార్థులు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993లో ఏర్పడింది. వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మటం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. మొదట ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు లాంటి మహానగరాల్లోనే. కనెక్షన్ ఖరీదు ఏడాదికి వేల రూపాయలు. టెలిఫోనే లేని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు అది ఎక్కడి మాట?

1995 అనగానే మనకు ఇంకొకటి గుర్తుకు రావాలి. ‘చిక్కనవుతున్న పాట’ వచ్చింది ఆ ఏడాదే. తెలుగు దళిత కవిత్వం ఒక పుస్తకంగా కట్టగట్టుకుని తెలుగు సాహిత్యం నడిబొడ్డున నిలబడిన ఏడాదీ, ఇంటర్నెట్ ఈ దేశపు బజారులోకి వచ్చిన ఏడాదీ ఒకటే. రెండూ కలుసుకోలేదు. కలుసుకోవటానికి ఇంకో పదేళ్లు పైనే పట్టింది. కారణం కవులకు కంప్యూటర్ తెలియకపోవటం కాదు. ఆ పుస్తకాలూ పత్రికలూ డీటీపీ సెంటర్లలో కంప్యూటర్ మీదే తయారయ్యాయి. కానీ అను ఫాంట్ల లాంటి వాటిలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు వున్న మిషను మీద తప్ప ఇంకోచోట తెలుగుగా కనబడదు. వల మీద పెడితే పిచ్చిగీతలు. యూనికోడ్ అనే అందరికీ ఉమ్మడి లిపి పద్ధతిలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, దాన్ని మామూలు మనిషి మామూలు కంప్యూటర్ మీద రాసుకునే రోజు రావటానికి చాలా ఏళ్లు పట్టింది. వీవెన్ చేసిన ‘లేఖిని’ 2006లో వచ్చాక గాని నెట్ సెంటర్‌లో కూర్చుని తెలుగు రాయటం సులువు కాలేదు.

కాబట్టి ఆ తరం ఇంటర్నెట్ ఇంగ్లీషు ఇంటర్నెట్. ఇది చాలా పెద్ద విషయం, తేలిగ్గా దాటిపోకూడదు. ఇంగ్లీషు వచ్చినవాళ్లే వచ్చారు. అమెరికాకూ ఇంగ్లండుకూ వలసపోయిన అంబేద్కరిస్టులు వెబ్‌సైట్లు పెట్టారు. నెట్ సెంటర్‌లో గంటకు ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలు ఇచ్చి, ముందే కాగితం మీద రాసుకున్న ఉత్తరాన్ని గబగబా టైపు చేసి పంపిన విద్యార్థులు వున్నారు. గంట అయిపోతుందనే భయం ఆ రాతల్లో కనబడేది. ‘జెస్ట్‌కాస్ట్’ అనే యాహూ గ్రూపు కులానికి సంబంధించిన వార్తల్ని ఏరి సభ్యులకు మెయిళ్లుగా పంపేది. కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాన్సెస్ ప్రిచెట్ ‘కుల నిర్మూలన’ ఇంగ్లీషు పాఠాన్ని వివరణలతో సహా నెట్‌లో పెట్టింది. 2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు కులాన్ని అందులో చేర్చాలని దళిత సంస్థలు చేసిన ప్రచారానికి ఈమెయిల్ బాగా అక్కరకొచ్చింది. ప్రభుత్వం కులం మా ఇంటి సంగతి అని తలుపేస్తే, మెయిల్ కిటికీలోంచి బయటికి పోయింది.

2006 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలో ఖైర్లాంజి. భోత్‌మాంగే కుటుంబంలో నలుగురిని చంపారు. పెద్ద పత్రికలు వారాల తరబడి దాన్ని మామూలు హత్యగా, అక్రమ సంబంధం గొడవగా రాశాయి. నిజనిర్ధారణ నివేదికలూ, ఫోటోలూ మెయిళ్ల మీద, బ్లాగుల మీద తిరిగాయి. నవంబర్‌లో మహారాష్ట్ర వీధులు దద్దరిల్లినప్పుడు దాని వెనుక ఈ తరం రాసిన మెయిళ్ల పాత్ర కొంత వుంది. కొంత అనే అంటున్నాను. నాగపూర్ బస్తీల్లో జనాన్ని కదిలించింది మెయిల్ కాదు, బస్తీల్లో దశాబ్దాలుగా వున్న అంబేద్కరిస్టు సంఘాలు. ఇంటర్నెటే అంతా చేసిందని రాసేవాళ్లు ఆ సంఘాల్లోని ఆడవాళ్ల కష్టాన్ని తుడిచేస్తున్నారు.

తెలుగు దళిత కవులు కూడా ఈ రెండో తరం కాలంలోనే నెట్‌లోకి వచ్చారు, అదీ ఇంగ్లీషు మీదుగా. ‘రౌండ్ టేబుల్ ఇండియా’ నడిపినవాళ్లలో ఒకరైన కుఫీర్ తెలుగు కవితల్ని ఇంగ్లీషులోకి తెచ్చి పెడుతూ వచ్చాడు. తెలుగు మూలం డీటీపీ ఫైల్లో చిక్కుకుని వుండగా, దాని ఇంగ్లీషు అనువాదం ప్రపంచమంతా చదివింది. కవి ఊళ్లోవాళ్లకు దొరకని కవిత కెనడాలో దొరికింది. ఇది సంతోషించాల్సిందో బాధపడాల్సిందో తేల్చుకోవటం కష్టం.

ఈ తరం అలవాట్లు ఇవాళ్టికీ అట్లాగే వున్నాయి. పొడుగు పోస్టు, ఆధారం, పీడీఎఫ్, వాదం, ప్రతివాదం. ఫేస్‌బుక్‌లో తగాదాలు పడతారని వెక్కిరించే ముందు, మెయిలింగ్ గ్రూపుల్లో వాదించుకునే అవకాశం తప్ప వేరే వేదిక ఏదీ తమకు ఇవ్వని పత్రికల కాలంలో వాళ్లు పెరిగారని గుర్తుంచుకోవాలి.

మూడో తరానికి తలుపు తెరిచింది కంప్యూటర్ కాదు, ఫోన్. వాళ్లలో చాలామంది జీవితంలో ఎప్పుడూ నెట్ సెంటర్ మెట్లు ఎక్కలేదు. వీళ్లకు ముందు వంతెన వేసినవాటిలో ‘దళిత్ కెమెరా’ను చెప్పుకోవాలి. 2011లో హైదరాబాదులో పరిశోధక విద్యార్థిగా వున్న రవిచంద్రన్ మొదలుపెట్టిన యూట్యూబ్ చానల్ అది. మీటింగుల్ని కోతల్లేకుండా మొత్తం పెట్టేవాళ్లు. కారంచేడు తరం ఉపన్యాసాలు కుర్రవాళ్ల ఫోన్లలోకి వచ్చింది అట్లా. 2015 ఏప్రిల్‌లో కొంతమంది దళిత స్త్రీలు ‘దళిత్ హిస్టరీ మంత్’ మొదలుపెట్టారు, రోజుకొక చరిత్ర ముక్క. పాఠ్యపుస్తకంలో లేనిది ఫోన్‌లో చదువుకున్నారు.

2016 జనవరి 17. రోహిత్ వేముల. ఇరవై ఆరేళ్లు. హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు విద్యార్థులు క్యాంపస్‌లో ‘వెలివాడ’ వేసుకుని కూర్చున్నారు. తాత ముత్తాతల మాటను తిరిగి తెచ్చి యూనివర్సిటీ నడిమధ్య పాతారు. రోహిత్ ఉత్తరం చేత్తో కాగితం మీద రాసింది. దాని ఫోటో ఆ రాత్రే ఫోన్లలో దేశమంతా తిరిగింది. కారంచేడులో గాయపడిన మనిషి నడిచి చేరాల్సి వచ్చిన దూరాన్ని ఈ కాగితం గంటల్లో దాటింది. కానీ ఇంకోటి కూడా చూడాలి. రోహిత్ ఏళ్ల తరబడి ఫేస్‌బుక్‌లో రాస్తూనే వున్నాడు. సైన్స్ గురించి, కులం గురించి, క్యాంపస్ గురించి. ఆ రాతల్ని తర్వాత నిఖిలా హెన్రీ ‘కాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్’ పేరుతో పుస్తకంగా తెచ్చింది. బతికుండగా ఆయన స్నేహితులు చదివిన రాతల్ని దేశం చదవటానికి ఆయన చావాల్సి వచ్చింది.

అదే ఏడాది జూలై 11న గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్నవాళ్లను కట్టేసి కొట్టారు. వీడియో తీసింది కొట్టినవాళ్లే. తమ మగతనం చూపించుకోటానికి తీసుకున్నారు. కారంచేడులో, చుండూరులో చేసినదాన్ని దాచే ప్రయత్నం జరిగింది. ఇక్కడ చేసినదాన్ని పంచుకునే ధైర్యం వచ్చింది. ఆ వీడియోనే వాళ్ల మెడకు చుట్టుకుంది, అది మన కుర్రవాళ్లు చేసిన పని. ఆ సెప్టెంబర్ 5న జియో వచ్చింది. డేటా ఉచితం, తర్వాత చవక. పల్లెల్లోని మన కుర్రవాళ్లకు ఇంటర్నెట్ నిజంగా మొదలైన తేదీ అదే.

ఏడాదిన్నర తిరిగేసరికి దాని ఫలితం కనబడింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చే తీర్పు ఇచ్చింది. ఏప్రిల్ 2న భారత్ బంద్. పేరున్న ఏ ఒక్క పార్టీ, ఏ ఒక్క నాయకుడు దాన్ని నడపలేదు. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పిలుపు తిరిగింది. మూడు తరాలూ కలిసి పనిచేసిన సందర్భం ఏదైనా వుందంటే అదే అనిపిస్తుంది. చట్టంలో ఏముందో, తీర్పు ఏం తీసేసిందో విడమరచి రాసింది రెండో తరం. బొమ్మలుగా మార్చి పంచింది మూడో తరం. ఊళ్లలో జనాన్ని బయటికి తెచ్చింది మొదటి తరం. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో పలువురు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. గ్వాలియర్‌లో ఒకడు తుపాకి కాలుస్తున్న దృశ్యం ఫోన్‌లో చిక్కింది. ప్రభుత్వం చేసిన మొదటి పనుల్లో ఒకటి గ్వాలియర్, భిండ్, మొరేనా ప్రాంతాల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపెయ్యటం. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని తిరిగి నిలబెట్టింది.

ఈ తరానికి ఫోన్ ఆయుధం అని పొంగిపోయేవాళ్లు దాని ఖరీదు కూడా చెప్పాలి. 2015 మేలో షిర్డీలో ఫోన్ రింగ్‌టోన్‌గా అంబేద్కర్ పాట పెట్టుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి చంపారు. 2017లో గుజరాత్‌లోని లింబోదరాలో మీసం పెంచినందుకు దాడులు జరిగితే అక్కడి కుర్రవాళ్లు వాట్సాప్‌లో తమ ఫోటోలు తీసేసి మీసం, కిరీటం బొమ్మ పెట్టుకున్నారు. పెద్దవాళ్లకు అది పిల్లచేష్ట లాగా కనిపించి వుండొచ్చు. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన వీధిలో మీసం మెలేసిన ముఖం పెట్టడం ఏమిటో ఆ వీధివాళ్లకు బాగానే అర్థమైంది.

ఇక ఒకే వయసు లోపలి తేడాలు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో 15 నుంచి 29 ఏళ్లవాళ్లలో, అంతకుముందు నెల రోజుల్లో ఇంటర్నెట్ వాడినవాళ్లు పల్లెల్లో 25 శాతం, పట్నాల్లో 58 శాతం. యువతరం అంతా నెట్‌లోనే వుందనే మాటకు ఇదీ అసలు రూపం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. తెలంగాణలో ఆడవాళ్లు 26.5, మగవాళ్లు 57.4. సగానికి సగం లేదు. ఇది అన్ని కులాలకూ కలిపి వేసిన లెక్క. కూలిపని చేసే ఇంట్లో ఒకటే ఫోన్ వుంటే అది ఎవరి జేబులో వుంటుందో చెప్పటానికి సర్వే అక్కర్లేదు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో బడి పాఠాలు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో చెప్పినప్పుడు ఆ ఫోన్ కొన్నాళ్లు ఆడపిల్లల చేతికి కూడా వచ్చింది. అమ్మకూ నాయనమ్మకూ యూట్యూబ్ తెరిచి ఇవ్వటం, మెసేజ్ చదివి వినిపించటం ఆ పిల్లల పనైంది. ఇది కూడా పాత పనే. పల్లెలో మొదట చదువుకున్న పిల్లవాడు అందరి ఉత్తరాలూ చదివిపెట్టిన, అందరి అర్జీలూ రాసిపెట్టిన రోజుల్లాగా.

తరాల మధ్య తగాదా కూడా వుంది. పెద్దవాళ్లు అంటారు, ఫోన్‌లో ఉద్యమం ఉద్యమం కాదని. కుర్రవాళ్లు అంటారు, మీ మీటింగుకు యాభైమంది వస్తే మా వీడియో యాభైవేలమంది చూస్తారని. ఇద్దరి మాటలోనూ గర్వం వుంది. భయం విషయంలో తేడా ఇంకా లోతైంది. రహస్య జీవితం, పోలీసు సోదాలు ఎరిగిన పెద్ద తరం ఫోన్‌లో కొన్ని మాట్లాడదు. కుర్రవాళ్లు అది చాదస్తం అనుకుంటారు. 2019 అక్టోబర్‌లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ గురి పెట్టినవాళ్లకు వాట్సాప్ సమాచారం ఇచ్చినప్పుడు, ఆ సమాచారం అందుకున్నవాళ్లలో ఆనంద్ తేల్‌తుంబ్డే వున్నాడు. 2020 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజునే ఆయన్ను భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు, 2022 నవంబర్‌లో బెయిలు మీద బయటికి వచ్చాడు. అదే కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి బయటి నుంచి ఫైళ్లు చొప్పించారని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. పెద్దవాళ్ల చాదస్తానికి కారణం వయసు కాదు, అనుభవం.

చరిత్ర రాసేవాళ్లుగా మనల్ని తొలిచే విషయం మరొకటి వుంది. మొదటి తరం కాగితం మీద రాసింది. ‘నలుపు’ సంచికలు, కరపత్రాలు, మహాసభ తీర్మానాలు చెదలు తిన్నవి పోగా ఇంకా ఎవరి ట్రంకుపెట్టెల్లోనో వున్నాయి. రెండో తరం రాసింది ఎక్కడ వుంది? జియోసిటీస్ 2009లో మూసేశారు. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. యాహూ గ్రూపుల్లోని పాత మెయిళ్లు 2019 డిసెంబర్‌లో తుడిచేశారు, ఏడాదికి గ్రూపులే మూతపడ్డాయి. ఖైర్లాంజి రోజుల్లో ఎవరు ఎవరికి ఏం రాశారో తెలుసుకోవాలంటే ఇవాళ ఆ మనుషుల జ్ఞాపకమో, ఎవరో భద్రంగా దాచుకున్న మెయిల్ పెట్టో తప్ప ఆధారం లేదు. మూడో తరానిది ఇంకా అధ్వాన్నం. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్ నిషేధించింది. పల్లె కుర్రవాళ్లూ ఆడపిల్లలూ పెట్టుకున్న పాటలూ ఆటలూ ఒక్క రాత్రిలో కనబడకుండా పోయాయి. ఆ నవంబర్‌లోనే వాట్సాప్, ఏడు రోజులకు మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు తెచ్చింది. 1985 గురించి రాయటం 2006 గురించి రాయటం కన్నా తేలిక. 2018 ఏప్రిల్ 2 గురించి రాయటం ఇంకా కష్టం అవుతుంది. మన ఉద్యమం దగ్గరికి వచ్చేకొద్దీ మసకబారుతున్నది.

విద్యార్థులు చెయ్యగలిగిన పని ఒకటి వుంది, దానికి ప్రాజెక్టు నిధులు అక్కర్లేదు. తమ ఊరి అంబేద్కర్ యువజన సంఘం గ్రూపునూ, ఉద్యోగుల సంఘం గ్రూపునూ వాట్సాప్‌లో వున్న ఎక్స్‌పోర్ట్ పద్ధతిలో బయటికి తీసి రెండుచోట్ల దాచొచ్చు. వీడియోకు తేదీ, ఊరు, తీసినవాళ్లు ఎవరు అనేది యూనికోడ్ తెలుగులో రాసి పక్కన పెట్టాలి. పేరు బయటపడితే ప్రమాదం వున్నవాళ్ల పేర్లు తీసెయ్యాలి. అత్యాచారానికి గురైన ఆడవాళ్ల ఫోటోలు, వివరాలు ఎంతమాత్రం పంచకూడదు. గ్రూపులోని మనుషుల్ని అడక్కుండా దాచకూడదు. పాత డీటీపీ ఫైళ్లు ఇంకా ఎవరి దగ్గరన్నా వుంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఇప్పుడు వున్నాయి. అన్నిటికన్నా తొందరగా చెయ్యాల్సింది పెద్దవాళ్ల వాయిస్ మెసేజ్‌ల పని. ఫోన్‌లో చోటు నిండిపోయిందని మనవణ్ణి పిలిస్తే, వాడు ఒక్క నొక్కుతో మొదట తీసేసేవి అవే.